ఓట్‌మీల్ స్టౌట్ తాగేదెలా? ముందు ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట ఆగండి

పోయిన డిసెంబరులో మా బావ విజయవాడ నుంచి ఇంగ్లండులోని లీడ్స్‌కి, మా ఇంటికి వచ్చాడు. వచ్చిన రెండో రోజు సాయంత్రం వంటింటి గట్టు మీద ఉన్న సీసా చూసి, "ఏరా, బీరు బయట పెట్టి మర్చిపోయావు" అంటూ ఫ్రీజర్లో పడేశాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి గ్లాసులో సగం పోసుకుని, ఒక గుక్క తాగి, మొహం అదోలా పెట్టుకుని కూర్చున్నాడు.

"మాడిన డికాక్షన్‌లో చన్నీళ్ళు కలిపినట్టుంది. దీనికోసమా నువ్వు బస్సెక్కి పక్క ఊరు వెళ్ళొచ్చింది?"

"ఆ గ్లాసు అక్కడ పెట్టు బావా. భోజనం కానీ, తర్వాత చూద్దాం."

నలభై నిమిషాల తర్వాత అదే గ్లాసు, అదే బీరు. ఈసారి బావ ఏమీ మాట్లాడకుండా రెండు గుక్కలు తాగి, "దీంట్లో బెల్లం వేశారా?" అన్నాడు. వెయ్యలేదు. చల్లదనం తగ్గింది, అంతే.

తప్పు బావది కాదు. మన ఎండలకి బీరంటే చలవ పానీయం. సీసా మీద నీళ్ళు కారుతుండాలి, గొంతు జివ్వుమనాలి. లేత రంగు లాగర్ బీరుకి అది సరిపోతుంది. ఓట్స్ కలిపి చేసే నల్లటి బీరు ఓట్‌మీల్ స్టౌట్‌ని అలా తాగితే మాత్రం డబ్బు పెట్టి కొన్నదాంట్లో సగం గ్లాసులోనే వదిలేసినట్టు. కాబట్టి ఇక్కడ చెప్పేది మొత్తం దాన్ని నిదానంగా ఎలా తాగాలన్నదే. (తెలుగు రాష్ట్రాలు రెండిట్లోనూ 21 ఏళ్ళు నిండాలి. ఆ లోపు వాళ్ళు ఇక్కడితో ఆపెయ్యండి.)

అసలు ఇందులో ఓట్స్ చేసే పనేమిటి

రుచి చూసే ముందు ఇది కాస్త తెలిస్తే, నోట్లో దేనికోసం వెతకాలో తెలుస్తుంది.

18వ శతాబ్దపు లండన్‌లో మూటలు మోసేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు తాగిన ముదురు రంగు బీరు పోర్టర్. అందులో గట్టిదాన్ని స్టౌట్ పోర్టర్ అనేవాళ్ళు. రానురాను పోర్టర్ అన్న తోక ఊడిపోయి స్టౌట్ మిగిలింది. ఇప్పుడు మనం చూసే నల్లటి రంగు వెనక డేనియల్ వీలర్ అనే ఆయన ఉన్నాడు. 1817లో ఆయన మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, కాఫీ గింజల్లాగే తిరిగే డ్రమ్ములో నల్లగా వేయించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. స్టౌట్ వాసన చూడగానే కాఫీ గుర్తుకు రావడం మన భ్రమ కాదు. రెండిట్లోనూ జరిగింది వేపుడే.

ఓట్స్ చాలా తర్వాత వచ్చాయి. స్కాట్లాండ్‌లోని అల్లోవా ఊళ్ళో మెక్లే అనే బీరు తయారీదారులు 1895లో ఓట్ మాల్ట్ స్టౌట్ చేశారు. అందులో 70 శాతం ఓట్ మాల్టే. అప్పట్లో ఓట్స్ అంటే బలం అన్న పేరుండేది. అందుకని జబ్బు పడి లేచినవాళ్ళకి, బాలింతలకి మంచిదని చెప్పి అమ్మేవాళ్ళు. నమ్మకండి, బాలింతకి బీరు పథ్యం కాదు. ఆ పేరుని వాడుకున్నవాళ్ళు కూడా తక్కువేం కాదు. లండన్‌లోని బార్క్లే పెర్కిన్స్ 1936లో అమ్మిన ఓట్‌మీల్ స్టౌట్‌లో ఓట్స్ అర శాతమే. చారులో కరివేపాకు అంతకన్నా ఎక్కువ వేస్తాం.

1970లు వచ్చేసరికి ఈ రకం దాదాపు కనుమరుగైంది. అమెరికాలో బీర్లు దిగుమతి చేసుకునే చార్ల్స్ ఫింకెల్ అడగడంతో, ఉత్తర యార్క్‌షైర్‌లోని ట్యాడ్‌కాస్టర్ ఊళ్ళో శామ్యూల్ స్మిత్ వాళ్ళు 1980లో మళ్ళీ మొదలుపెట్టారు. 1758 నాటి బ్రూవరీ అది. నీళ్ళు ఇప్పటికీ 85 అడుగుల లోతు బావిలోంచి తోడతారు, రాతి పలకల తొట్లలో పులియబెడతారు. లీడ్స్ నుంచి యార్క్ వెళ్ళే బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది. బావ వెక్కిరించిన బస్సు ప్రయాణం అదే.

ఇక అసలు విషయం. ఓట్స్ ఈ బీరుకి రుచిని పెద్దగా ఇవ్వవు. అవి ఇచ్చేది స్పర్శ. ఓట్స్ జావ కాస్త చల్లారాక గరిట ఎత్తితే జిగురుగా సాగుతుందే, ఆ జిగురుకి కారణం బీటా గ్లూకాన్ అనే పీచు పదార్థం. అది బీరులో పల్చగా కరిగి, దాని నడకని మార్చేస్తుంది. ఇప్పటి ఓట్‌మీల్ స్టౌట్లలో మొత్తం ధాన్యంలో ఓట్స్ మామూలుగా 5 నుంచి 20 శాతం దాకా ఉంటాయి. మరీ ఎక్కువైతే బీరు వండేటప్పుడే ధాన్యం ముద్ద కట్టి, గంజి సరిగ్గా వార్చని అన్నంలా, రసం కిందికి దిగనే దిగదు. కాబట్టి గ్లాసులో ఓట్స్ రుచి కోసం వెతక్కండి. నాలుక మీద అది ఎలా జారుతుందో చూడండి.

సీసా ఎంచుకోవడం

మొదటిసారికి 5 శాతం ఆల్కహాల్ చుట్టుపక్కల ఉన్నది తీసుకోండి. 9, 10 శాతం ఉండి, విస్కీ పీపాల్లో నానబెట్టినవి, వెనిల్లా కొబ్బరి వగైరా కలిపినవి ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. అవి తర్వాత చూసుకోవచ్చు. వాటి హోరులో ఓట్స్ ఊసు వినపడదు.

డబ్బా మీద 'నైట్రో' అని ఉంటే దాన్ని కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నైట్రోజన్ నింపిన స్టౌట్ మీగడలా ఉంటుంది, నిజమే. కానీ ఆ మెత్తదనం సన్నటి గ్యాస్ బుడగలది. ఓట్స్ మెత్తదనం ఏమిటో ముందు విడిగా తెలుసుకుంటే, తర్వాత రెండూ కలిసిన దాంట్లో ఏది దేనిదో చెప్పగలరు.

ఎండ పడే కిటికీలో, ట్యూబ్‌లైటు కింద అలంకారానికి నిలబెట్టిన సీసా వద్దు. హాప్స్ అని బీరులో చేదుకి వేసే పువ్వులుంటాయి. వాటి సారం వెలుతురు తగిలితే విరిగి కంపు కొడుతుంది. గోధుమ రంగు గాజు కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. ఒకసారి ఒక దుకాణం కిటికీలోంచి తగ్గింపు ధరకి మూడు సీసాలు తెచ్చాను. మూత తియ్యగానే కాలిన రబ్బరు, కుళ్ళిన ఉల్లిపాయ కలిసినట్టు వాసన. మూడూ సింకులోకే పోయాయి.

చలి వదిలించడం

ఇంగ్లండులో పబ్బు కింద నేలమాళిగలో బీరుని ఉంచే వేడిమి 11 నుంచి 13 డిగ్రీలు. స్టౌట్‌కి కావలసింది కూడా దాదాపు అదే. మన ఫ్రిజ్‌లో ఉండేది 4 డిగ్రీలు. ఆ చలిలో వాసనలు పైకి లేవవు, తీపి నాలుకకి అందదు. చేదు, గ్యాసు చురుకు మాత్రం మిగులుతాయి. బావ చెప్పిన 'చన్నీళ్ళు కలిపిన మాడు డికాక్షన్' సరిగ్గా అదే.

గది మరీ వేడిగా లేకపోతే ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట, నలభై నిమిషాలు బయట ఉంచండి. హైదరాబాద్ మే నెలలో అయితే పది, పదిహేను నిమిషాలు చాలు, అంతకు మించితే వేడెక్కిపోతుంది. థర్మామీటర్లు అక్కర్లేదు. సీసాని చెంపకి ఆనిస్తే చల్లగా తగలాలి, జిల్లుమనకూడదు. కుండలో నీళ్ళ చల్లదనం అనుకోండి. ఐసు ముక్కలు మాత్రం వెయ్యకండి, దయచేసి.

గ్లాసు

స్టీలు గ్లాసులో తాగితే ఎవరూ కేసు పెట్టరు గానీ, చూడాల్సింది ఉంది కాబట్టి గాజుదే తీసుకోండి. పైన కాస్త లోపలికి వంగి, బొడ్డుగా ఉండేదైతే వాసన నిలుస్తుంది. వైన్ గ్లాసు ఉంటే అదీ బ్రహ్మాండంగా పనికొస్తుంది.

గ్లాసు ఆకారం కన్నా ముఖ్యం దానికి నూనె జిడ్డు లేకపోవడం. మన ఇళ్ళలో ఇది నిజంగా సమస్యే. పప్పు గిన్నె తోమిన పీచుతోనే గ్లాసూ తోముతాం. ఆ జిడ్డు కంటికి కనిపించదు, నురగని మాత్రం నిమిషంలో చంపేస్తుంది. పరీక్ష సులువు. గ్లాసు లోపల తడిపి, నీళ్ళు దులిపేసి, సన్న ఉప్పు చల్లండి. ఉప్పు అంతటా సమంగా అంటుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. అక్కడక్కడా జారిపోతే అక్కడ జిడ్డు ఉన్నట్టు. వేణ్ణీళ్ళతో మళ్ళీ కడిగి బోర్లించండి, గుడ్డతో తుడవకండి. గ్లాసుని ఫ్రీజర్లో పెట్టడం కూడా వద్దు.

పోయడం, చూడడం

గ్లాసుని సగానికి వంచి, గోడ వెంట మెల్లగా పొయ్యండి. మూడింట రెండు వంతులు నిండాక నిలబెట్టి, మిగతాది మధ్యలోకి వదలండి. రెండు వేళ్ళ మందాన నురగ రావాలి. నురగని చూసి కంగారు పడి తీసెయ్యకండి, దుకాణంవాడు మోసం చేశాడనుకోకండి. వాసనని పట్టి ఉంచే మూత అదే.

ఆ నురగ తెల్లగా ఉండదు. పాలు కాస్త తక్కువైన కాఫీ మీది నురగ రంగు. బుడగలు ఎంత సన్నగా ఉన్నాయో చూడండి. తాగుతున్నకొద్దీ గ్లాసు గోడ మీద గీతలు గీతలుగా అంటుకుంటే గ్లాసు శుభ్రంగా కడిగారన్నమాట.

ఇప్పుడు గ్లాసు ఎత్తి దీపానికి అడ్డం పెట్టండి. నల్లగా ఉంది కదా అనుకుంటారు. అడుగున, బీరు పల్చబడే అంచు దగ్గర చూడండి. నేరేడు పండు పిండిన రసంలాంటి ఎరుపు కనిపిస్తుంది. స్టౌట్లు చాలావరకు నలుపు కాదు, చిక్కదనం వల్ల నల్లగా కనిపించే ముదురు ఎరుపూ గోధుమా. ఫోను టార్చి వెనక పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. అయితే ఆ పని శామ్యూల్ స్మిత్ పబ్బుల్లో చెయ్యకండి. వాళ్ళు 2019లో పబ్బుల్లో ఫోన్లు వాడకూడదని నియమం పెట్టారు.

ముక్కు పని

ఒక్కసారిగా గుండెల నిండా పీల్చకండి. చిన్న చిన్నగా రెండు మూడు సార్లు పీల్చి, గ్లాసు దూరం పెట్టి, మళ్ళీ రండి. ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది. అలా మొద్దుబారినట్టనిపిస్తే మీ మోచేతి మడతలో వాసన చూసుకోండి, మళ్ళీ దారిలో పడుతుంది.

ఇక్కడ చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఇంగ్లీషు వాళ్ళ రుచి పుస్తకాల్లో మొలాసెస్, టాఫీ, ఎండు అంజూరం అని రాస్తారు. మనకి అవేవీ తట్టకపోతే మనకి నాలుక లేదేమో అనిపిస్తుంది. ఆ జాబితాలు పక్కన పెట్టండి. వాళ్ళు వాళ్ళ అమ్మమ్మ వంటింట్లో వాసనలు రాసుకున్నారు, మీరు మీ అమ్మమ్మ వంటింట్లోవి రాసుకోండి. నాకు ట్యాడ్‌కాస్టర్ స్టౌట్‌లో ముందు వచ్చేది ఫిల్టర్ కాఫీ రెండో డికాక్షన్. దాని వెనక ముదురు బెల్లం పాకం, కొంచెం ఎండు ఖర్జూరం. బాగా వెనకగా, సున్నుండల కోసం మినప్పప్పు దోరగా వేయిస్తుంటే పక్క గదిలోకి వచ్చే వాసన. ఈ చివరిదాన్ని ఏ ఇంగ్లీషువాడూ రాయలేదు, రాయలేడు కూడా.

మనవాళ్ళకి ఈ విద్య కొత్తదేం కాదు. తెలంగాణలో కల్లు రుచి తెలిసినవాడిని అడగండి. నోట్లో పడగానే ఇది ఏ రకం తాటిచెట్టుదో, పండుతాడుదా, పోద్దాడుదా, పరుపుదాడుదా చెప్పేస్తాడు, పొద్దున గీసిందో కాదో కూడా చెప్తాడు. పుస్తకం చదివి నేర్చుకోలేదు. నిదానంగా తాగి నేర్చుకున్నాడు.

మొదటి గుక్క, ఆ తర్వాతి గుక్కలు

మొదటి గుక్కని లెక్కలోకి తీసుకోకండి. అంతకు ముందు తిన్నదాని రుచి కడిగేయడానికే అది. రెండోది కాస్త పెద్దగా తీసుకుని, మూడు నాలుగు సెకన్లు నోట్లోనే ఉంచండి. నాలుక కింద, చిగుళ్ళ పక్క, అంగిలి మీద తిరగనివ్వండి.

ముందు తీపి తెలుస్తుంది. పంచదార తీపి కాదు, బాగా నమిలిన బార్లీ అన్నం తీపి. తర్వాత వేపుడు చేదు. ఈ చేదు కాకరకాయలా నాలుకని పట్టుకుని ఉండకూడదు, డార్క్ చాక్లెట్‌లా వచ్చి కరగాలి. మింగాక నోరు మూసుకునే, ముక్కుతో గాలి వదలండి. ఈ చిన్న పని చాలామంది చెయ్యరు. మనం రుచి అనుకునే దాంట్లో చాలా భాగం గొంతు వెనక నుంచి ముక్కుకి చేరే వాసనే. అలా గాలి వదిలినప్పుడు కాఫీ, కోకో మళ్ళీ ఒకసారి పలకరిస్తాయి.

ఇప్పుడు మూడో గుక్క. ఈసారి రుచిని పూర్తిగా మర్చిపోయి, స్పర్శ ఒక్కటే చూడండి. నాలుకని అంగిలికి ఆనించి, మెల్లగా వెనక్కి లాగండి. మామూలు బీరైతే నీళ్ళలా విడిపోతుంది. ఇది విడిపోదు. పల్చటి రాగిజావని పలుచని బట్టలో వడకట్టి తాగితే ఎలా జారుతుందో అలా, ఒక సన్న పొర నాలుక మీద నిలిచి, ఆలస్యంగా దిగుతుంది. వేయించిన గింజల వగరు చిగుళ్ళని పట్టాల్సిన చోట ఈ పొర అడ్డం పడుతుంది. ఓట్స్ పని అదీ.

నమ్మకం కుదరకపోతే పక్కనే ఓట్స్ లేని ఐరిష్ రకం స్టౌట్ చిన్న గ్లాసులో పోసి పెట్టుకోండి. గిన్నెస్ వాళ్ళ ఎక్స్‌ట్రా స్టౌట్ సీసా దొరుకుతుంది. 'డ్రాఫ్ట్' అని రాసి ఉన్నది కాదు, దాంట్లో నైట్రోజన్ ఉంటుంది. ముందు అది, తర్వాత ఓట్స్‌ది. మొదటిదాంట్లో చివర నోరు ఎండినట్టయి, చిగుళ్ళ దగ్గర వగరు తేలుతుంది. అది దాని లోపం కాదు, ఆ రకమే అంత. రెండోది తాగగానే ఆ వగరు మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. మా బావకి ఓట్‌మీల్ స్టౌట్ అర్థమైంది ఈ రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టాకే. నేను అంతకు ముందు అరగంట ఇచ్చిన ఉపన్యాసం వల్ల కాదు.

ఆ తర్వాత తొందరేం లేదు. అరలీటరు సీసాని ఇద్దరు గంటసేపు తాగొచ్చు. గ్లాసు వేడెక్కుతున్నకొద్దీ బీరు మారుతుంది. గ్యాసు తగ్గి, ఎండు పళ్ళ వాసన పైకొస్తుంది. ఒక దశలో తీపి ముదిరి, మొహం మొత్తడం మొదలవుతుంది. అక్కడ ఆపెయ్యండి.

పక్కన ఏం తినాలి

మిరపకాయ బజ్జీ, చికెన్ 65, ఆవకాయ కలిపిన ఏదైనా వద్దు. గ్యాసు, ఆల్కహాల్ రెండూ కారాన్ని మరింత మండిస్తాయి, ఆ మంటలో నాలుకకి ఈ సన్న పొర తెలియనే తెలియదు. గోంగూర పులుపు కూడా దీనితో పోట్లాడుతుంది.

లండన్‌లో పాతకాలం నుంచి స్టౌట్‌తో ఆయిస్టర్లు (ఆల్చిప్పలు) తినేవాళ్ళు, ఉప్పుకి చేదు జోడీ. స్టిల్టన్ అనే నీలి చారల చీజుతో కూడా బాగుంటుంది, ఆ కంపు భరించగలిగితే. మన వంటల్లో మిరియాలు వేసి, ముదురు రంగు వచ్చేదాకా వేపిన మటన్ వేపుడు బాగా కుదిరింది. అన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం నేతి సున్నుండ. ఒక చిన్న ముక్క కొరికి, సగం నమిలి, మీద ఒక గుక్క. వేగిన మినుములు, వేగిన బార్లీ, బెల్లం, నెయ్యి, ఓట్స్ పొర. మా అక్క బావ చేత పంపిన డబ్బా ఎందుకు రెండు రోజుల్లో ఖాళీ అయిందో ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

బాగా లేదనిపిస్తే

కొన్నిసార్లు లోపం మీది కాదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే పాతబడి, గాలి తగిలి పాడైనట్టు. వినిగర్ పులుపు వస్తే చెడు సూక్ష్మజీవులు చేరినట్టు. వెన్న కాచిన వాసన మరీ గుప్పుమంటే పులియబెట్టడం సరిగ్గా ముగియనట్టు, కొన్ని ఇంగ్లీషు బీర్లలో కొద్దిగా ఉంటే మాత్రం దాన్ని తప్పు పట్టరు. సిగరెట్టు బూడిదలా ఉంటే గింజల్ని మాడ్చేశారు. పబ్బులో అయితే మొహమాటపడకుండా చెప్పి మార్పించుకోండి.

హైదరాబాద్, బెంగళూరు మైక్రోబ్రూవరీల్లో మెనూలో ఓట్‌మీల్ స్టౌట్ కనిపిస్తే ముందు చిన్న గ్లాసులో రుచి చూపించమని అడగండి, చాలాచోట్ల ఇస్తారు. వాళ్ళు చల్లగానే తెస్తారు. తెచ్చాక పక్కన పెట్టి కబుర్లు చెప్పుకోండి. ఇంటికి క్యాబ్‌లో వెళ్ళండి. మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. ఇంగ్లండులో ఆ హద్దు 80 అని బావకి చెప్తే అసూయపడ్డాడు. అయినా బస్సులోనే తిరిగాం.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని తాగినప్పుడల్లా రెండు మాటలు రాసుకోండి, పేరు, తేదీ, నోటికి తోచిన పోలిక. బావ తనది వాట్సాప్‌లో తనకి తానే మెసేజ్ పెట్టుకున్నాడు: "చల్లగా: దండగ. నలభై నిమిషాలు: రాగిజావ, బెల్లం."

అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ళకి వెతుక్కోవడం ఇంకా సులువు. మాంట్రియల్‌లో చేసే సెంట్ ఆంబ్రోజ్ ఓట్‌మీల్ స్టౌట్‌తో మొదలుపెట్టండి, 5 శాతమే. కాలిఫోర్నియాలోని ఆండర్సన్ వ్యాలీ వాళ్ళ బార్నీ ఫ్లాట్స్ దానికన్నా కొంచెం గట్టిది. ఓట్స్‌తో పాటు కాఫీ, చాక్లెట్ కూడా వేసిన ఫౌండర్స్ బ్రేక్‌ఫాస్ట్ స్టౌట్ 8.3 శాతం. పేరులో బ్రేక్‌ఫాస్ట్ ఉంది కదా అని పొద్దున్నే మూత తియ్యకండి.